ఇష్టమైన వచనాల దగ్గరే ఆగిపోకుండా బైబిల్ మొత్తాన్ని పాటించాలంటే

మీ బైబిల్ మూసిపెట్టి, పక్క నుంచి పేజీల అంచు ఒకసారి చూడండి. కీర్తనల దగ్గర వేళ్ల మరకలతో నల్లబడి ఉంటుంది, సువార్తల దగ్గర కొంచెం, ఫిలిప్పీ దగ్గర కొంచెం. ఓబద్యా, నహూము, జెఫన్యా మాత్రం కొన్న రోజు ఎంత తెల్లగా ఉన్నాయో ఇప్పటికీ అంతే. ఫోన్‌లో చదివేవాళ్లకు ఇంకా సులువు, యాప్‌లో రంగు వేసుకున్న వచనాలన్నీ ఒకచోట వస్తాయి, వాటిని పైనుంచి కిందికి చదువుకుంటూ పోండి. భయపడకుము, నిన్ను విడువను, ఆశీర్వదిస్తాను, నిన్ను తలగా చేస్తాను తోకగా కాదు. ఈ తల, తోక మాట ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో 13వ వచనం. ఆ అధ్యాయంలో మొత్తం 68 వచనాలున్నాయి, 15 నుంచి చివరిదాకా మాట వినకపోతే వచ్చే శాపాలే. వాటికి రంగు వేసుకోమని నేనూ అనను గాని, ఉన్నాయని తెలియాలి కదా.

ఇలా ఏరుకోవడం అవిశ్వాసం వల్ల వచ్చింది కాదు. బైబిల్ మన చేతికి అందే తీరే అలాంటిది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక వాగ్దానం కార్డు తీస్తాం, అది ఏడాదంతా ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. గోడ మీద క్యాలెండర్‌లో ఒకటి, ముందు వెళ్తున్న ఆటో వెనకాల ఒకటి, పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వుల మీద ఒకటి. అన్నీ మంచి వచనాలే. కాని అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో ఉంది, ఆ వచనం వేసిన కార్డు మీకెవరికైనా వచ్చిందా? కార్డులు అచ్చువేసేవాళ్లు వేయరు, వేసినా ఎవరూ కొనరు. కాబట్టి ముందు మార్చాల్సింది చదివే పద్ధతి. బతుకు మార్చుకోవడం దాని వెనకే వస్తుంది, అది ఎలాగూ కష్టం, అక్కడికి తర్వాత వస్తాను.

మొదటి పని, వచనాలు కాకుండా పుస్తకాలు చదవండి. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు అనగానే టెన్షన్ పడొద్దు. కొత్త నిబంధన 260 అధ్యాయాలే, శని ఆదివారాలు వదిలేసి రోజుకొకటి చదివినా ఏడాదికి పూర్తవుతుంది. జనవరి 1న ఆదికాండంతో మొదలుపెట్టి ఫిబ్రవరిలో గుడారం కొలతల దగ్గర ఆగిపోయే అలవాటు మీకుంటే, ఈసారి అక్కడ మొదలుపెట్టకండి. యాకోబు పత్రికతో మొదలుపెట్టండి. అయిదు అధ్యాయాలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికితే అమీర్‌పేట వచ్చేలోపు అయిపోతుంది. ముక్కలుగా కాకుండా ఒకే ఊపులో చదివితే అందులో ఎవరెవరికి చురకలు తగులుతాయో అప్పుడు తెలుస్తుంది. పాత తెలుగు అడ్డొస్తే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

రెండోది, మీరు ఎక్కువగా వాడే వచనాలకు ముందూ వెనకా ఏముందో చూడండి. యిర్మీయా 29:11 తీసుకోండి, మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే మాట. ఈ కార్డు వచ్చినవాళ్లు ఈ ఏడాది ప్రమోషనో, వీసానో, పెళ్లి సంబంధమో కుదురుతుందని అనుకుంటారు. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, జనానికి అది భలే నచ్చి ఉంటుంది. యిర్మీయా ఉత్తరం దాని మీద నీళ్లు చల్లింది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి, 70 ఏళ్లు పడుతుంది అని. 11వ వచనం ఈ 70 ఏళ్ల తర్వాత వస్తుంది. అంటే విన్నవాళ్లలో పెద్దవాళ్లు చాలామంది తిరిగి వెళ్లడం చూడకుండానే పోయి ఉంటారు. ఇప్పుడు ఆ వచనం చిన్నదైపోలేదు, నన్నడిగితే ఇంకా పెద్దదైంది. కాకపోతే దానితో పాటు 7వ వచనం కూడా మన మీద పడింది, ఉన్న ఊరి క్షేమం కోరమని. హైదరాబాద్‌లో పాతికేళ్లుగా ఉంటూ ఇది మన ఊరు కాదు, సంపాదించుకుని పోయే చోటు అన్నట్టు బతికేవాళ్లకు ఆ మాట చాలు.

ఫిలిప్పీ 4:13 కూడా అంతే. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పరీక్ష హాల్‌టికెట్ వెనకాల రాసుకుంటారు పిల్లలు, పాపం రాసుకోనివ్వండి. పౌలు ఆ మాట బంధకాల్లో ఉండి రాశాడు. ముందు వచనంలో కడుపు నిండినా ఆకలిగా ఉన్నా, ఉన్నా లేకపోయినా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటాడు. ర్యాంకు రానప్పుడు కూడా నిలబడే బలం గురించిన వచనం అది.

మూడోది అసలు కిటుకు. ఎడారిలో యేసుకు శోధన జరిగినప్పుడు సాతాను కూడా వాక్యమే ఎత్తాడు, అదీ మన ఇళ్ల తలుపుల మీద అంటించే 91వ కీర్తన నుంచే, దూతలు నిన్ను కాపాడతారు అనే మాట. అందులో "నీ మార్గములన్నిటిలో" అనే మాట వదిలేశాడు, సర్పాన్ని తొక్కేస్తావు అనే మాట రాకముందే ఆపేశాడు కూడా. ఏరుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. యేసు ఆ కీర్తన అబద్ధమనలేదు, "మరియొక చోట వ్రాయబడియున్నది" అన్నాడు. మీరు చేయాల్సింది కూడా ఇదే. ఏ వచనమైనా మీకు బాగా అనుకూలంగా ఉందనిపించినప్పుడు, ముఖ్యంగా ఎదుటివాళ్ల నోరు మూయించడానికి పనికొస్తుందనిపించినప్పుడు, మరియొక చోట ఏం రాసి ఉంది అని వెతకండి. చాలాసార్లు దూరం వెళ్లక్కర్లేదు, ఆ పక్కనే ఉంటుంది.

ఉదాహరణకు మలాకీ 3:10. దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు ఇవ్వడం గురించి ఏ సంఘంలోనైనా వినిపించే వచనం, ఆకాశపు వాకిండ్లు విప్పుతాననే వాగ్దానం. దశమభాగం ఇవ్వొద్దని నేను చెప్పడం లేదు. అదే అధ్యాయంలో అయిదు వచనాలు పైకి వెళ్లండి. తీర్పు తీర్చడానికి వస్తాను, కూలి విషయంలో కూలివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద, విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను పీడించేవాళ్ల మీద, పరదేశులకు అన్యాయం చేసేవాళ్ల మీద సాక్ష్యం చెబుతాను అంటాడు దేవుడు. కవర్‌లో దశమభాగం పెట్టి, ఇంట్లో పనిచేసే ఆమె నాలుగు రోజులు జ్వరంతో రాకపోతే ఆ నాలుగు రోజుల డబ్బు కోసేవాళ్లకు ఈ అధ్యాయం సగమే కనిపించిందన్నమాట. మత్తయి 23:23లో యేసు ఇదే అన్నాడు, పుదీనా సోపు జీలకర్రల్లో పదో వంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని. "వాటిని మానక వీటిని చేయవలసియుండెను" అని కూడా చేర్చాడు, అంటే జీలకర్ర లెక్క కూడా మానొద్దు.

మలాకీ దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకొకటి. విడాకులు దేవునికి అసహ్యం అని భర్త చేతిలో దెబ్బలు తింటున్న అమ్మాయికి పెద్దలు మలాకీ 2:16 చూపిస్తారు. అదే వచనంలో, అదే వాక్యంలో అనుకోండి, బలాత్కారం కూడా నాకు అసహ్యం అని ఉంది. సగం చదివి ఒక మనిషిని కొట్టే ఇంటికి తిరిగి పంపడం వాక్యానుసారం కాదు. ముందు ఆమెను క్షేమంగా ఉండే చోటికి చేర్చండి, తెలంగాణలో మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, ప్రార్థన తర్వాత చేయొచ్చు.

నాలుగోది, ఎవరి వచనం వాళ్లు చదవాలి. మనలో పెద్ద రోగం ఏంటంటే ఎదుటివాళ్లకు రాసినది మనకు కంఠతా వస్తుంది, మనకు రాసినది గుర్తుండదు. ఎఫెసీ 5లో భార్యలకు మూడు వచనాలు, 22 నుంచి 24. భర్తలకు 25 నుంచి మొదలై అంతకంటే చాలా ఎక్కువ ఉంది, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించాలని. పైన 21లో ఒకరికొకరు లోబడి ఉండండి అని ఇద్దరికీ కలిపి ఉంది. భర్తలు 25 నుంచి చదవండి, 22 మీ భార్య చదువుకుంటుంది, ఆమెకు కళ్లున్నాయి. అలాగే 6వ అధ్యాయంలో పిల్లల్లారా విధేయులై ఉండండి దగ్గర తండ్రులు ఆగిపోవద్దు, 4వ వచనంలో పిల్లలకు కోపం పుట్టించొద్దని మీకే చెప్పాడు. ఇంటర్ మార్కుల సీజన్‌లో ఆ వచనం ఫ్రిజ్ మీద పెట్టుకోండి.

నగల విషయం కూడా ఇంతే. మన సంఘాల్లో బంగారం వేసుకోవచ్చా లేదా అన్న గొడవ ఎప్పటి నుంచో ఉంది, వద్దనేవాళ్లు 1 తిమోతి 2:9 చూపిస్తారు. వద్దనుకుని తీసేసినవాళ్లంటే నాకు గౌరవమే. కాని ఆ వచనంలో బంగారం, ముత్యాలతో పాటు మిగుల వెలగల వస్త్రాలు కూడా ఉన్నాయి. మెడలో ఏమీ లేకుండా ముప్పై వేల పట్టుచీర కట్టుకుని, గొలుసు వేసుకొచ్చిన కొత్త కోడలిని కిందా మీదా చూసే అక్కలు ఆ మాట మీద వేలు పెట్టి చదవాలి. ఇక ఆ వచనం ఎత్తి చూపే అన్నలకు దాని పై వచనమే ఉంది, పురుషులు కోపం లేకుండా చేతులెత్తి ప్రార్థన చేయాలని.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, మొత్తం పాటించమంటున్నారు, మరి మేకల్ని బలి ఇవ్వమంటారా, రెండు రకాల దారం కలిపిన బట్ట వద్దని ఉంది కాబట్టి టెర్రికాటన్ చొక్కా మానేయమంటారా అని. న్యాయమైన ప్రశ్న. మొత్తం పాటించడమంటే కనిపించిన ప్రతి ఆజ్ఞనూ ఎత్తి నెత్తిన పెట్టుకోవడం కాదు. త్రోయ అనే ఊళ్లో వదిలేసిన అంగీ తెమ్మని పౌలు తిమోతికి రాశాడు, ఆ అంగీ కోసం మనం వెళ్లం. ఏది ఇప్పటికీ మన మీద ఉందో బైబిలే చాలావరకు తేల్చి చెబుతుంది. బలుల సంగతి హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాల్లో ఉంది, క్రీస్తు ఒక్కసారే అర్పించుకున్నాడు కాబట్టి ఇక అక్కర్లేదు. సున్నతి సంగతి అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేములో పెద్దలు కూర్చుని, యూదులు కాని విశ్వాసులకు అక్కర్లేదని తేల్చారు. తిండి సంగతి మార్కు 7లో ఉంది, లోపలికి పోయే తిండి మనిషిని అపవిత్రం చేయదని. కాబట్టి ఏది వదిలేసినా, ఇది ఎందుకు వదిలేశాను అంటే చూపించడానికి ఒక లేఖనం ఉండాలి. కష్టంగా ఉందనో, ఇప్పుడు ఎవరు చేస్తున్నారనో వదిలేస్తే అదే ఏరుకోవడం.

దీనికి మంచి అభ్యాసం లేవీయకాండం 19. ఒక పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. పచ్చబొట్టు వద్దని చెప్పే 28వ వచనం అందరికీ తెలుసు, దాని పైనే గడ్డం అంచులు కత్తిరించొద్దని ఉంది. నీవలె నీ పొరుగువాణ్ణి ప్రేమించాలన్నది ఈ అధ్యాయంలోదే, యేసు ఎత్తి చెప్పాడు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్నదీ ఇక్కడే ఉంది, యాకోబు 5:4లో మళ్లీ వచ్చింది. కొండెములు చెప్పొద్దు, ముసలివాళ్ల ముందు లేచి నిలబడు, తూకంలో మోసం చేయొద్దు, మీ మధ్య ఉండే పరదేశిని మీలో పుట్టినవాడిలా చూడు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి మన అపార్ట్‌మెంట్లు కడుతున్నవాళ్లను మనం ఏమని పిలుస్తామో గుర్తు తెచ్చుకుంటూ ఆ చివరి మాట చదవండి.

పాత నిబంధనలో నాకు బాగా ఇష్టమైన ఆజ్ఞ ఒకటుంది, ద్వితీయోపదేశకాండం 22:8. కొత్త ఇల్లు కట్టినప్పుడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించు, ఎవరైనా పడితే హత్యదోషం నీ ఇంటి మీదికి వస్తుంది. నిర్గమకాండం 21లో గొయ్యి తవ్వి మూయకుండా వదిలేసినవాడు అందులో పడిన ఎద్దుకు డబ్బు కట్టాలని ఉంది. సెల్లార్ కోసం తవ్విన గుంతలు వానకు నిండి, చుట్టూ రేకు కూడా లేకుండా ఉండే ఈ ఊళ్లో ఇవి పాతబడ్డ ఆజ్ఞలని ఎవరంటారు? గృహప్రవేశానికి పాస్టర్‌గారిని పిలిచి ప్రార్థన చేయించుకునే ముందు మెట్ల రెయిలింగ్ చూసుకోండి.

బోనాల సీజన్‌లో వచ్చే సంగతి కూడా చెప్పాలి. పక్కింటివాళ్లు ప్రసాదం తెస్తారు, విగ్రహాలకు అర్పించినవి తినొద్దనే అపొస్తలుల కార్యములు 15:29 చెప్పి మనం వద్దంటాం. సరే. అదే వచనంలో రక్తం కూడా తినొద్దని ఉంది. మేక రక్తం వేయించుకుని తింటూ, ఆ వచనంలో మొదటి మాట మాత్రం పక్కింటివాళ్లకు వినిపిస్తే ఎలా? వద్దనే పద్ధతి గురించి కూడా మరియొక చోట రాసి ఉంది. కొలొస్సీ 4:6 మీ మాట కృపాసహితంగా ఉండాలంటుంది, రోమా 12:18 మీకు చేతనైనంత వరకు అందరితో సమాధానంగా ఉండమంటుంది. తలుపు దగ్గర ఆంటీకి నవ్వుతూ నమస్కారం పెట్టి, లోపలికి పిలిచి టీ ఇచ్చి, మేం తీసుకోమండీ ఏమీ అనుకోకండి అనడం కూడా వాక్యంలో భాగమే.

ఇక చదవడం అయింది, డబ్బు దగ్గరికి రండి. ఏరుకోవడం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఈ వారమే చేయగలిగినవి ఉన్నాయి. పనామె జీతం, వాచ్‌మన్ డబ్బులు, డ్రైవర్ ఓవర్‌టైం ఏదైనా ఆపి ఉంటే ఇచ్చేయండి. అడ్డా మీద నుంచి తెచ్చుకున్న కూలీకి ఆ సాయంత్రమే ఇవ్వండి, చిల్లర లేదు రేపు రా అనొద్దు, రేపు అతను ఇంకో అడ్డాలో ఉంటాడు. ప్లాట్ కొంటున్నప్పుడు వైట్ ఎంత బ్లాక్ ఎంత అనే మాట వస్తుంది, రాకుండా ఉండదు. రోమా 13:7 ఎవరికి పన్ను కట్టాలో వాళ్లకు పన్ను కట్టమంటుంది. ఆ బేరం కుదరకపోవచ్చు, ప్లాట్ పోవచ్చు. ఇది తేలికని నేను చెప్పను.

డబ్బు కంటే గట్టిది పెళ్లి. ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకే రొట్టెలో భాగం తీసుకుంటాం, సంబంధాల దగ్గరికి వచ్చేసరికి బయోడేటాలో కులం కాలమ్ మొదట చూస్తాం. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో కలిసి తింటూ, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే పక్కకు జరిగాడు. పౌలు అందరి ముందే అతన్ని నిలదీశాడు, గలతీ 2లో ఉంది, ఇది సువార్త సత్యం ప్రకారం నడవడం కాదన్నాడు. అంత పెద్ద అపొస్తలుణ్ణే వదిలిపెట్టలేదు. ప్రధానం రోజు ప్రార్థన అయ్యాక పక్క గదిలో కట్నం మాట్లాడడమూ ఇదే కోవ. పొరుగువాడి సొత్తు ఆశించొద్దని పదో ఆజ్ఞ చెబుతుంది, 1961 నుంచి దేశ చట్టమూ నేరమనే అంటోంది. మీ అబ్బాయి పెళ్లికి కట్నం వద్దని, కులం కాలమ్ ఖాళీగా వదిలేస్తామని ఇప్పుడే, సంబంధాలు మొదలవకముందే ఇంట్లో చెప్పేయండి. అమ్మాయిని చూసొచ్చాక చెబుదాంలే అనుకుంటే అప్పటికి మేనమామలు దిగిపోతారు.

గొడవల విషయం చిన్నగా చెబుతాను. మత్తయి 18:15 మీ సహోదరుడు తప్పు చేస్తే అతను, నువ్వు మాత్రమే ఉన్నప్పుడు మాట్లాడమంటుంది. సంఘం గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టమనలేదు.

అర్థం కాని భాగాలు, మింగుడుపడని భాగాలు కూడా వస్తాయి, యెహోషువలో యుద్ధాలు, కొన్ని శాపాల కీర్తనలు. వాటిని దాటేయకండి, అన్నిటికీ సమాధానం తెలిసినట్టు నటించకండి కూడా. నోట్‌బుక్‌లో రాసుకుని పాస్టర్‌గారిని అడగండి, ఇంకొకరిని అడగండి. యిర్మీయా 36లో యెహోయాకీము రాజు, యిర్మీయా చెప్పగా రాసిన దేవుని మాటల చుట్టలో మూడు నాలుగు పుటలు చదివించుకుని, వాటిని చాకుతో కోసి కుంపటిలో వేస్తూ పోయాడు. దేవుడు యిర్మీయా లేఖకుడు బారూకు చేత మొత్తం మళ్లీ రాయించాడు, ఇంకొన్ని మాటలు కలిపి మరీ.

ఒంటరిగా చేయొద్దు. ఇద్దరో ముగ్గురో చాలు, కాని అందరూ ఒకే రకం వాళ్లు కాకుండా చూసుకోండి. కొండాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నలుగురు కూర్చుని యాకోబు 5 చదివితే అది అమెరికా కంపెనీల గురించి రాసినట్టుంటుంది. జీతం ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ కలిసి చదివితే ఎవరూ తప్పించుకోలేరు. క్రమం కావాలంటే యాకోబు, తర్వాత మలాకీ, అది నాలుగే అధ్యాయాలు, తర్వాత ఎఫెసీ, లేవీయకాండం 19, మత్తయి 5 నుంచి 7. చదివిన ప్రతిసారీ ఒక్కటే అడగండి, ఈ వారం ఇందులో నా జేబుకో నా పరువుకో ఖర్చయ్యేది ఏది? ఎవరికి వాళ్లు రాసుకుని, వచ్చే వారం చేశారా లేదా చెప్పాలి. పక్కవాడు ఏం చేయాలో మీరు రాయకూడదు, ఈ ఒక్క నియమం లేకపోతే నెల తిరక్కుండానే గుంపు విడిపోతుంది. టీ పెట్టే పని వంతులు వేసుకోండి, మగవాళ్లతో కలిపి.